ఆటోక్లేవ్ గ్రాఫ్ బాగుంటే చాలదు

"కార్బన్ ఫైబర్ విడిభాగాల తయారీని ఇక ఇంట్లో కూర్చుని ఫోన్‌లో లైవ్‌గా చూడొచ్చు. సెన్సర్లు పార్ట్ మొత్తాన్ని గమనిస్తాయి, తేడా వస్తే దూరం నుంచే సరిచేయొచ్చు, చివర్లో అల్ట్రాసోనిక్ పరీక్ష దండగ." ఈ మెసేజ్ తెగ తిరుగుతోంది. బోయింగ్ 787 నిర్మాణ బరువులో దాదాపు సగం కాంపోజిట్లే, అంటే కార్బన్ ఫైబర్ లాంటి నారను రెసిన్ అనే జిగురుతో కలిపి గట్టిపరిచిన పదార్థాలే. కాబట్టి దీన్ని చూసీచూడనట్టు వదిలేయలేను.

సెన్సర్లు పార్ట్ మొత్తాన్ని గమనించవు. వేడిని కొలిచే తీగ, అంటే థర్మోకపుల్, తానున్న చోటి వేడే చెబుతుంది. దాన్ని పార్ట్ మధ్యలో పెడితే ఆ తీగే లోపమవుతుంది. అందుకే తర్వాత కోసి పారేసే అంచులో పెడతాం. రెసిన్ గట్టిపడుతూ సొంతంగా వేడి పుట్టిస్తుంది. మందంగా ఉన్న చోట ఆ వేడి త్వరగా బయటికి పోదు. అంచు 180 డిగ్రీలు చూపిస్తున్నా, లోపల అంతకు మించే ఉండొచ్చు.

దూరం నుంచి సరిచేయడమా? కొంతవరకు నిజమే. గాలిమర రెక్కల్లాంటి పెద్ద అచ్చుల్లో రెసిన్ ఎక్కడిదాకా చేరిందో సెన్సర్లు చెబితే, అది పారుతుండగానే సర్దుకోవచ్చు. డైఎలక్ట్రిక్ సెన్సర్ ఉంటే గడియారాన్ని నమ్ముకోకుండా రెసిన్ ఎంతవరకు గట్టిపడిందో తెలుసుకోవచ్చు. ఇవి నాకూ కావాలి. కానీ రెసిన్ జెల్ అయ్యాక పారదు, లోపల చిక్కిన గాలి బుడగ కదలదు. ఆటోక్లేవ్ అంటే పార్టును వేడితో, ఒత్తిడితో గట్టిపరిచే మూసిన పెద్ద పాత్ర. అది 7 బార్ల ఒత్తిడిలో ఉండగా, పార్టును కప్పి లోపలి గాలి లాగేసే వాక్యూమ్ బ్యాగ్ చిల్లుపడితే తలుపు తీసి అతికించలేం. అలారం ఫోన్‌లో మోగినా, పక్కనే మోగినా ఒకటే. లీకును తలుపు మూయకముందే పట్టాలి. పంపు ఆపి, గేజ్ ముల్లు ఎంత పడిపోతోందో చూసి, సన్నగా "స్స్" మని వినబడే చోట సీలెంట్ టేపును బొటనవేలితో అదమాలి.

ఇక పరీక్ష దండగ అన్న మాట నాకు మింగుడుపడదు. ప్రీప్రెగ్, అంటే ముందే రెసిన్ పట్టించిన ఫైబర్ పొరలు, పరిచేటప్పుడు ఒక్కో పొరకూ అంటుకుని ఉన్న పల్చటి ఫిల్ము ఒలుస్తాం. అందులో చిన్న ముక్క మిగిలిపోయినా వేడి, ఒత్తిడి, వాక్యూమ్ అన్నీ సరిగానే ఉంటాయి. ఆ ముక్క ఉన్నంత మేర మాత్రం రెండు పొరలు అతుక్కోవు. ఒకసారి మా దగ్గర సి-స్కాన్ (అల్ట్రాసోనిక్ పరీక్షలో వచ్చే చిత్రం) తెర మీద గోరంత మచ్చ కనబడింది. కోసి చూస్తే ఫిల్ము ముక్క. ఆ రోజు గ్రాఫులన్నీ మళ్లీ తీసి, నిమిషం నిమిషం చూశాం. ఎక్కడా చిన్న వంకర కూడా లేదు.