పడదని చెప్పినా అదే మాత్ర చేతిలో పెట్టారు

గంట క్రితం జరిగింది. చేతులు ఇంకా వణుకుతున్నాయి. అయినా ఇప్పుడే రాయాలి, రేపటికి వాయిదా వేస్తే కోపం చల్లారిపోతుంది. ఇది చల్లారాల్సిన కోపం కాదు.

అమ్మకి నిన్నటి నుంచి జ్వరం, ఒళ్ళునొప్పులు. డాక్టర్ గారు ఉత్త పారాసెటమాల్ 650 రాశారు, అంతే. నాన్న వెళ్ళి తెచ్చారు. అమ్మ నీళ్ళ గ్లాసు పట్టుకుని మంచం మీద కూర్చుంది. మా ఇంట్లో ఏ మాత్రయినా నేను చూశాకే నోట్లోకి వెళ్తుంది, ఆ అలవాటు కొద్దీ స్ట్రిప్ తీసుకుని చూశాను. పది మాత్రల స్ట్రిప్‌ని కత్తెరతో కోసి నాలుగు ఇచ్చారు. పేరు పూర్తిగా ఉన్న ముక్క షాపులోనే ఉండిపోయింది. నా చేతిలో ముక్కకి వెనకవైపు వెండి రేకు మీద చీమ తలకాయంత అక్షరాలు. లైటు కింద పెట్టి, ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసుకుని చదివాను. తెగిపోయిన చోట '...క్లోఫెనాక్', దాని కింద 'పారాసెటమాల్'.

ఎసిక్లోఫెనాక్ అనే నొప్పి మందు అది. మా అమ్మకి డైక్లోఫెనాక్ పడదు. రెండూ ఒక తల్లి పిల్లలే. 2014లో మోకాలి నొప్పికి ఒక క్లినిక్‌లో డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ చేస్తే పది నిమిషాల్లో పెదవులు ఉబ్బిపోయాయి, ఒళ్ళంతా దద్దుర్లు, ఊపిరి అందలేదు. ఆటోలో పెద్దాసుపత్రికి పరుగెత్తితే అడ్రినలిన్ ఇచ్చి బతికించారు. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్‌తో సహా ఆ జాతి నొప్పి మందులేవీ ముట్టుకోవద్దని అప్పుడే చెప్పారు. ఆ ఆటోలో అమ్మ గోళ్ళు నా మణికట్టులో దిగిన గుర్తు నాకు ఇంకా తెలుస్తుంది.

నాన్న చెప్పకుండా తెచ్చారా అంటే, చెప్పారు. "బాబూ, మా ఆవిడకి నొప్పి మాత్రలు పడవు, చూసి ఇవ్వు" అన్నారట. కౌంటర్లో కుర్రాడు "ఇది జ్వరం మాత్రే అంకుల్, రాసింది స్టాక్ లేదు, దీనికి పవర్ ఎక్కువ" అన్నాడట. నన్ను కోసేస్తున్నది ఆ 'జ్వరం మాత్రే' అన్న మాట. అందులో పారాసెటమాల్ ఉంది కాబట్టి అబద్ధం కూడా కాదు. రెండోది ఏమిటో ఆ కుర్రాడికి తెలియదు. తెలియనివాడిని అక్కడ ఎవరు నిలబెట్టారు? 1948 నుంచి ఫార్మసీ చట్టం ఉంది ఈ దేశంలో. డాక్టర్ చీటీ మీద మందు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టే.

ఇంకో మాట. వానాకాలంలో జ్వరం అని వచ్చినవాళ్ళకి 'పవర్ ఎక్కువ' అని ఐబుప్రొఫెన్ కలిసిన మాత్రలు చేతిలో పెట్టేస్తున్నారు. అది డెంగ్యూ అయితే ఆ మందు రక్తస్రావానికి దారి తీయొచ్చు. అలర్జీ లేనివాళ్ళు కూడా ఇది మాకెందుకులే అనుకోకండి.

మా సందు చివర మందుల షాపు బాబాయి ఉన్నన్నాళ్ళూ మాకీ టెన్షన్ లేదు. ఆయన దగ్గర ఒక పొడుగాటి లెడ్జరు ఉండేది. అమ్మ పేరు పక్కన ఎర్ర ఇంకుతో 'డైక్లో వద్దు' అని రాసి, కింద రెండు గీతలు కొట్టుకున్నారు. ఓసారి పన్ను తీయించుకుని చీటీ పట్టుకెళ్ళాం. చదివి, కళ్ళజోడు తీసి, మా ముందే ఆ పళ్ళ డాక్టరుకి ఫోన్ చేశారు. "డాక్టర్ గారూ, ఈ అమ్మాయికి డైక్లోఫెనాక్ పడదండీ, మార్చి చెప్పండి" అన్నారు. అరవై దగ్గర పడిన మా అమ్మ ఆయనకి అమ్మాయే! ఇంకోసారి నాన్న నడుము నొప్పికి పూసుకునే జెల్ కొంటుంటే ఆపి, "దీన్లోనూ అదే మందు ఉంది, అమ్మాయి చేత రాయించుకోకు, ఆ చేత్తో ఆవిణ్ణి ముట్టుకోకు" అన్నారు. పూసే మందులో కూడా ఉంటుందని మాకు అప్పటిదాకా ఏ డాక్టరూ చెప్పలేదు.

ఆ షాపు రెండేళ్ళ క్రితం మూతపడింది. ఎందుకంటే మెయిన్ రోడ్డు మీద ఇరవై శాతం డిస్కౌంట్ బోర్డు వెలిగింది, మన వీధి మొత్తం అటు పోయింది. రాత్రి పదకొండింటికి ఆయన ఇంటి తలుపు కొట్టి పిల్లల జ్వరం మందు తెచ్చుకున్నవాళ్ళే నెలవారీ బీపీ, షుగర్ మందులకి అటు పోయారు. ఎవరెవరో నాకు తెలుసు. ఈ పోస్టు వాళ్ళూ చదువుతారు.

వాళ్ళలో మా బంధువులూ ఉన్నారు. మా చెల్లి బీఫార్మసీలో చేరినప్పుడు "మందులు అమ్ముకోవడానికి నాలుగేళ్ళ చదువా" అన్నది వీళ్ళే. పాసయ్యాక పెళ్ళిలో భోజనాల దగ్గర, పదిమంది వింటుండగా, "సర్టిఫికెట్ ఏదైనా షాపుకి అద్దెకిచ్చెయ్యమ్మా, ఇంట్లో కూర్చుంటే నెలనెలా డబ్బులొస్తాయి" అని సలహా ఇచ్చారు. అది విస్తరి ముందు నుంచి లేచిపోయింది. అప్పుడు అందరూ దానికి పొగరు అన్నారు. ఇవాళ మా అమ్మ చేతిలోకి ఆ మాత్ర వచ్చింది అలా అద్దెకిచ్చిన సర్టిఫికెట్ల వల్లే. గోడ మీద ఫ్రేములో ఒకరి ఫొటో, కౌంటర్లో ఇంకొకరి చెయ్యి.

చెల్లికి ఫొటో పంపితే నిమిషంలో ఫోన్ చేసి ఏడ్చేసింది. మనసు ఆగక బాబాయికీ పంపాను. ఆయన ఇప్పుడు కొడుకు దగ్గర బెంగుళూరులో ఉంటున్నారు. "వెయ్యొద్దు. అమ్మాయికి బీపీ మాత్ర పాతదేనా, మార్చారా?" అని అడిగారు. షాపు లేదు, లెడ్జరు లేదు, ఆయనకి మాత్రం గుర్తుంది.

నాన్న మళ్ళీ చెప్పులేసుకుని వేరే షాపుకి వెళ్ళి ఉత్త పారాసెటమాల్ తెచ్చారు. ఈసారి స్ట్రిప్ కోయొద్దని చెప్పి మొత్తం పదీ కొన్నారు. అమ్మ వేసుకుని పడుకుంది.

ఆ నాలుగు మాత్రలూ కవర్లో పెట్టి ఉంచాను. పొద్దున షాపు తీసేసరికి అక్కడ ఉంటాను. గోడ మీద ఫొటోలో ఉన్న మనిషిని పిలిపించమంటాను. వచ్చేదాకా ఆ మెట్ల మీదే కూర్చుంటాను.