తాతయ్యగారి హక్కులు పోయాయట!

మా జిల్లా కథల సంకలనం అచ్చుకిచ్చాం. అందులో 1963లో కాలం చేసిన ఒక పెద్దాయన కథ ఉంది. చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి జనవరి నుంచి 60 ఏళ్ళు కాపీరైటు హక్కులు వారసులవి. అంటే ఈయనవి 2023 డిసెంబరు 31తో సరి. ఆ తర్వాత ఎవరైనా వేసుకోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. ఈ ముక్క ప్రచురణ సంస్థలో అనుమతులు చూసే అమ్మాయికి చెప్పాను. శ్రద్ధగా విని, "అంతా కరెక్టే సార్, కానీ వారసుల సంతకం లేకపోతే సిస్టమ్ తీసుకోవట్లేదు" అంది. హక్కులు తీరిపోయిన రచయితకి వాళ్ళ ఫారంలో గడే లేదు. రేపు గురజాడ కథ వేద్దామన్నా, 1915లో పోయిన మనిషి సంతకం ఏదీ అంటారు కాబోలు.

సరేనని విజయవాడ వెళ్ళాను. సత్యనారాయణపురంలో ఇల్లు. కింద పెద్ద మనవడు, పైన చిన్న మనవడు, మధ్యలో కోర్టు కేసు.

కాఫీ ఇచ్చి, "కథకి ఎంత ఇస్తారు?" అన్నారు పెద్ద మనవడు.

"ఇచ్చేదేం లేదండీ, హక్కులు పోయాయి కదా!"

ఆయన కప్పు కింద పెట్టేశారు. వంటింట్లోంచి వాళ్ళావిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చారు. "ఎవరండీ పోయిందీ?"

"తాతయ్య హక్కులట."

"అయ్యో! ఎప్పుడు?"

నా గొంతు దానంతటదే తగ్గింది. "2023 డిసెంబరు 31 అండి. రాత్రి పన్నెండింటికి."

ఆవిడ కుర్చీలో కూలబడ్డారు. "ఆ టైముకి మనం కేకు కోస్తున్నాం కదండీ!"

ఇక పరామర్శ మొదలైంది. ముందే తెలిస్తే ఏదో ఒకటి చేసేవాళ్ళమని ఆయన. టాగూరు హక్కులు తీరిపోయే వేళకి 50 ఏళ్ళని 60 చేశారు కదా, మా తాతయ్యకి ఇంకో పదేళ్ళు పెంచితే ఎవడి సొమ్ము పోయిందని నన్నే నిలదీశారు. 1992లో పెంచిన ఆ పదేళ్ళు మీ తాతగారికీ కలిశాయండీ, లేకపోతే 2013లోనే అయిపోయేవి అన్నాను. "అంటే ఒకసారి గండం గడిచిందన్నమాట" అని ఆవిడ కళ్ళొత్తుకున్నారు. ఆ కథలు ఆ ఇంట్లో ఎవరైనా చదివారా అంటే, బీరువాలో పుస్తకాల మీద కరెంటు బిల్లుల దొంతర ఉంది, అంతవరకే చెప్పగలను.

ఆవిడ మెట్ల దగ్గరికెళ్ళి కేకేశారు. "చిన్నబాబూ! కిందికి రావయ్యా, తాతయ్యగారి హక్కులు పోయాయట!"

కేసు పడ్డాక ఆ గుమ్మం తొక్కని తమ్ముడు లుంగీతోనే దిగొచ్చాడు. అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకున్నారు.

"మరి దావాలో ఈ హక్కుల్ని ఆస్తుల జాబితాలో, బి షెడ్యూలు కింద వేసుకున్నది?"

"అదే అన్నయ్యా! మొన్న వాయిదాకి కూడా ఫీజు పట్టుకెళ్ళాడు లాయరు!"

అంతే, కలిసిపోయారు. కలిసి లాయర్ని తిట్టారు. తర్వాత కలిసే నా వైపు తిరిగారు. కాగితం తీసి సంతకాలు అడిగాను.

"లేని హక్కుకి సంతకం ఎలా పెడతామండీ?"

నేను ప్రచురణ సంస్థకి చెప్పిన మాటే అది. వాళ్ళకి అర్థమవలేదు, వీళ్ళకి మాత్రం ఒక్క కాఫీ చల్లారేలోపు అర్థమైపోయింది.

ఇంటికొచ్చి మళ్ళీ ఆ ఫారం తెరిచాను. వారసులు ఉన్నారా అన్న చోట 'లేరు' అని నొక్కితే సంతకం గడి మాయమైంది! కానీ రచయిత మొబైల్ నంబరు తప్పనిసరట. పది అంకెలు పడితే గానీ కదలదు. 1963లో పోయిన మనిషికి! ఒళ్ళు మండి నా నంబరే కొట్టేశాను.

ఇవాళ పొద్దున ఫోన్. "రచయితగారేనా అండీ? మీకు వారసులు లేరని ఫారంలో ఉంది, ఒకసారి కన్ఫర్మ్ చేస్తారా?"

ఎదురుగా మా వాడు దోసె తింటున్నాడు.

"లేరమ్మా" అన్నాను.