ఇటుక స్టిక్కర్ గారికి ఒక విన్నపం

కాఫీ షాపు గోడ మీద వేంచేసిన ఇటుక స్టిక్కర్ గారికి,

నమస్కారాలు. మన విశాఖలో సిరిపురం నుంచి ఎండాడ దాకా ఎక్కడ కాఫీ తాగుదామన్నా తమరే కనిపిస్తున్నారు. పైన నల్ల పైపులు, వేలాడే పసుపు బల్బులు, మధ్యలో తమరు, అంతా కలిపి ‘ఇండస్ట్రియల్ లుక్’ అట, ఫ్యాక్టరీలో కూర్చున్న ఫీలింగ్ రావాలట. జూట్ మిల్లులో పనిచేసిన మా పెదనాన్నకి ఎంత కూర్చున్నా రాలేదు. "నార దుమ్మేదిరా?" అన్నాడు.

అసలు ఇటుకలు ఊళ్లో లేక కాదండీ మిమ్మల్ని పిలిచింది. భీమిలి దగ్గర చిట్టివలస మిల్లు 2009లో లాకౌటయింది. గోగునారతో గోనెసంచులు నేసిన చోటు అది. పాత మిల్లు షెడ్లలో చాలావాటికి కప్పు రంపం పళ్ళలా ఉంటుంది, చూశారా? అద్దాలు ఉత్తరం వైపు ఉంటాయి కాబట్టి ఎండ నెత్తిన పడకుండా వెలుతురు మాత్రమే వస్తుంది. మగ్గాల కోసం లోపల అడ్డుగోడలు కట్టరు. అలాంటి చోట లైబ్రరీ పెట్టుకోవచ్చు, నాటకాలాడుకోవచ్చు, మీ కాఫీ షాపే పెట్టుకోవచ్చు, ఎవరొద్దన్నారు?

లండన్‌లో 1981లో మూతపడ్డ బ్యాంక్‌సైడ్ పవర్ స్టేషన్‌ని 2000లో టేట్ మోడర్న్ అనే ఆర్ట్ మ్యూజియం చేశారు, టర్బైన్లు ఉన్న హాల్లోనే ఇప్పుడు జనం తిరుగుతున్నారు. లండన్ దాకా ఎందుకు, 2001లో నేవీ నుంచి రిటైరైన కురుసుర సబ్‌మెరైన్‌ని మరుసటేడే బీచ్ రోడ్డులో మ్యూజియం చేసింది మనమే కదా! సముద్రంలో తిరిగేదాన్ని ఒడ్డుకి లాగగలిగాం గానీ, ఒడ్డున కదలకుండా ఉన్నదాని తాళం తీయడం మాత్రం మన వల్ల కావట్లేదు.

తీసినా నాకు టెన్షనే. బాగుచేస్తున్నామంటూ ముందు సిమెంటు బస్తాలు దింపుతారు. గానుగ సున్నంతో కట్టిన గోడకి సిమెంటు పూస్తే చెమ్మ బయటికి రాలేక ఇటుకలే పెచ్చులూడిపోతాయి, మన ఉప్పుగాలికి మరీను. ఆ పెచ్చులు చూసి "లుక్ బాలేదు" అంటూ ఓనరు గారు తప్పకుండా తమరికే ఫోన్ చేస్తారు, నిజం ఇటుకల మీద ఇటుక బొమ్మ అంటించడానికి.

నా విన్నపమల్లా ఒక్కటే. ఆ రోజు ఫోన్ ఎత్తకండి. మరీ బలవంతపెడితే అనకాపల్లిలో పెళ్ళుందని చెప్పేయండి.

ఇట్లు,
మీ ఎదుటి టేబుల్ కస్టమర్