డిస్ట్రాయర్ వస్తోంది, పక్కకు జరగండి

ప్లాస్టిక్ డిస్క్ విసిరి ఇనుప గొలుసుల బుట్టలో పడేసే ఆటను డిస్క్ గోల్ఫ్ అంటారు. ఆటతో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ డిస్కులకు పెట్టిన పేర్లతోనే. డిస్ట్రాయర్, ఫైర్‌బర్డ్, వాల్కిరీ! పోయేది యుద్ధానికా, గ్రౌండుకా?

డల్లాస్ నుంచి సెలవులకొచ్చిన మా మేనల్లుడు మొన్న పొద్దున నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండులో డిస్ట్రాయర్ బయటికి తీశాడు. ఆట మొదలుపెట్టి నెల కూడా కాలేదు. డిస్క్ ఎట్లా ఎగురుతుందో చెప్పే నాలుగు అంకెలు చదివాడు: స్పీడ్ 12, గ్లైడ్ (గాలిలో తేలడం) 5, టర్న్ (మొదట్లో పక్కకు ఒరగడం, మైనస్ అయితే కుడికి) -1, ఫేడ్ (చివర్లో ఎడమకు వాలడం) 3. అంకెలు వినగానే వాకింగ్‌కొచ్చిన పెద్దమనుషులు భయభక్తులతో దారి ఇచ్చారు. మావాడు ఒళ్లంతా తిప్పి విసిరాడు. అది లేచినట్టే లేచి, ఎడమకు తిరిగి, తుమ్మచెట్టులో పడింది. మళ్లీ విసిరాడు. మళ్లీ తుమ్మచెట్టే.

"పన్నెండు స్పీడంటివి, గేటు దాకన్న పోలేదేందిరా?" అన్నారు రిటైరైన లెక్కల సారు.

"అంత వేగంగా విసిరే చెయ్యి ఉంటేనే అది ఎగురుతుంది సార్."

"అట్లయితే పన్నెండు నీ చెయ్యి మీద రాయాలె గదా!"

నిజానికి కొత్తవాడి చేతికి ఇవ్వాల్సింది 6 స్పీడున్న లెపర్డో, 2 స్పీడున్న ఏవియార్ పుట్టరో (బుట్ట దగ్గర మెల్లగా వేసే డిస్క్). లెపర్డ్‌కు టర్న్ -2. మైనస్ అంటే నష్టం అనుకునేరు, మెల్లగా విసిరేవాడికి అదే లాభం, డిస్క్ తొందరగా ఎడమకు పడిపోదు. కానీ షాపువాడు చెప్పడు. పుట్టర్ అడగడానికి మనవాడికి నామోషీ. పోనీ ఆ అంకెలైనా ఎవరు వేశారు? తయారుచేసిన కంపెనీలే. ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్ డిస్కు కొలతలు, బరువు చూసి ఆమోదిస్తుంది గానీ, స్పీడెంతో తేల్చదు.

పేరు చూసి మోసపోవడం మా జిల్లాకు కొత్త కాదు. పత్తి విత్తనాల ప్యాకెట్ మీద చెట్టు నిండా కాయలు, కింద ఓ వీరుడి పేరు. నకిలీది అంటగట్టి, మొలక రాకపోతే డీలర్ అనే మాటేమిటి? "నీ భూమిల సత్తువ లేదు." అప్పు తెచ్చి కొన్న రైతును, రెండోసారి విత్తుకోవడానికి మళ్లీ అదే కౌంటర్ ముందు నిలబెట్టి, తప్పు కూడా అతని నెత్తికే రుద్దుతారు. సిగ్గుండాలి! తింటున్న అన్నమైనా గుర్తుకు రాదా వీళ్లకు?

చెట్టులో పడ్డ డిస్క్‌కు తప్పంతా మావాడి నెత్తిన రుద్దే డీలర్ ఎదురుగా లేడు. మావాడేమో బాస్ అనే ఇంకో డిస్క్ ఆర్డర్ పెట్టాడు. స్పీడ్ 13.