సర్వర్లకు బారసాల

కొత్త సర్వరు కొనడానికి ఒక సంతకం చాలు. దానికి పేరు పెట్టాలంటే కమిటీ కావాలి. దీన్ని తేలిగ్గా తీసుకునేవాళ్లకు బాధ్యత తెలియదనే అనుకోవాలి. యంత్రం నాలుగేళ్లకు స్క్రాపుకి పోతుంది. పేరు మాత్రం స్క్రిప్టుల్లో, ఫైర్‌వాల్ రూళ్లలో, ఉద్యోగం మానేసి వెళ్లిపోయినవాళ్ల మెయిళ్లలో పాతుకుపోయి ఉంటుంది. పిల్లాడి పేరు నచ్చకపోతే గెజిట్‌లో మార్చుకోవచ్చు. డేటాబేస్ సర్వరు పేరు మార్చి చూడండి, ఆ రాత్రి ఎవరెవరు ఎక్కణ్ణుంచి ఫోన్లు చేస్తారో తెలుస్తుంది.

పెద్దలు ఈ సంగతి ఎప్పుడో గ్రహించారు. 1990 ఆగస్టులోనే, ఇంటర్నెట్ పద్ధతులు రాసుకునే పత్రాల వరసలో, ఆర్ఎఫ్‌సీ 1178 అని, కంప్యూటరుకు పేరు ఎంచుకోవడం మీదే ఒక పత్రం వెలువడింది. సొంత పేరు పెట్టకండి, మరీ పొడుగు పేరు వద్దు, తగాదాలు తెచ్చే పేరు అసలే వద్దు, ఏదో ఒక వరస పట్టుకోండి అని అందులో హితవు. పురాణ పాత్రలు కావచ్చు, పూలు కావచ్చు, చివరికి హంతకులైనా పర్లేదట. సినిమా హీరోల ఊసు మాత్రం లేదు. రాసినవాళ్లకు మన ఊళ్లతో పరిచయం లేకపోవడమే కారణం.

మన దగ్గర ప్రతి బ్యాచ్‌లోనూ ఒక ఫ్రెషర్ హీరోల పేర్లు పెడదామంటాడు. కుర్రాడి ఉత్సాహాన్ని తప్పుపట్టలేం. కానీ ‘ఫలానా హీరో పొద్దుట్నుంచి డౌన్’ అని ఫిర్యాదు టికెట్ పడ్డాక, దాన్ని స్క్రీన్‌షాట్ తీయకుండా ఉండే నిగ్రహం అవతలి హీరో అభిమానికి ఉంటుందా? ఎవరికి మెమరీ ఎక్కువ ఇచ్చారు, ఎవరు మెయిన్, ఎవరు బ్యాకప్ అన్న చర్చ సెక్యూరిటీ గార్డు లోపలికొచ్చేదాకా తెగదు.

దేవుళ్ల పేర్లకు ఎవరూ అభ్యంతరం చెప్పరు, చిక్కంతా అక్కడే. జీతాల సర్వరుకు లక్ష్మి అని పేరు పెట్టుకుని, నెలాఖరున ‘లక్ష్మి స్పందించడం లేదు’ అని ఆఫీసంతటికీ మెయిల్ పంపాలంటే గుండె ధైర్యం కావాలి. పాతబడ్డ సర్వరును తీసేసేటప్పుడు మాత్రం ఈ పద్ధతి అక్కరకొస్తుంది. రెండు అక్షతలు వేసి, యథాస్థానం ప్రవేశయామి అనుకుని ప్లగ్గు పీకేస్తే ఉద్వాసన శాస్త్రోక్తంగా పూర్తయినట్టే.

పాండవుల వరస పట్టుకున్నవాళ్లకు అయిదు దాకా సుఖమే. ఆరోది ఆడిట్‌లో బయటపడుతుంది. ఎవరూ లెక్కలో రాయని, అందరికంటే ముందునుంచి మూలన నడుస్తున్న పాత డబ్బా అది. కర్ణుడని పేరు పెట్టడం తప్ప మార్గం లేదు. కౌరవులైతే నూరుమంది, పెద్ద క్లస్టరుకే సరిపోతారు. కానీ దుర్యోధన, దుశ్శాసన, వికర్ణ దాటాక నాలుగో పేరు తడుముకోకుండా చెప్పే ఇంజనీరు నాకింకా తగల్లేదు.

అందుకని నంబర్లే పెడదాం అంటారు మేనేజర్లు. ‘హెచ్‌వైడీ పీఆర్‌డీ డీబీ 01’. ఊరు హైదరాబాద్, హోదా ప్రొడక్షన్, వృత్తి డేటాబేస్, చివర వరస సంఖ్య. ఇంటిపేరు చెప్పగానే ఊరూ, ఆపైన అడక్కుండానే తక్కినవీ పోల్చుకునే సమాజంలో ఇది భేషుగ్గా అతుకుతుంది. జనం వాడేది ప్రొడక్షన్, దానికి రిహార్సల్ స్టేజింగ్, పరీక్షలకు టెస్ట్, కోడ్ రాసుకోవడానికి డెవ్. లెక్కపెట్టండి, సరిగ్గా నాలుగు వర్ణాలు. మొదటిదానికి కొత్త ర్యామ్, చివరిదానికి అది విడిచిన ర్యామ్. డెవ్ సర్వరు వెళ్లి ప్రొడక్షన్ డేటాబేస్‌ను తాకితే మైల, ఫైర్‌వాల్ ఒప్పుకోదు.

నంబర్లకు అసలు పరీక్ష రాత్రి రెండింటికి, ఏదో సర్వరు పడిపోయినప్పుడు. బ్రిడ్జ్ కాల్‌లో క్లయింటు, హైదరాబాద్ నుంచి టీమ్ లీడు, గచ్చిబౌలి పీజీలో దుప్పటి కప్పుకుని ఆన్‌కాల్ కుర్రాడు.

‘ఏ సర్వరు తమ్ముడూ?’

‘పీఆర్‌డీ డీబీ జీరో వన్ అన్నా.’

‘డీబీనా, టీబీనా?’

‘డీ అన్నా, డీ ఫర్ ఢిల్లీ. బీ ఫర్ బాంబే.’

‘జీరో వన్నా, వన్ జీరోనా?’

‘జీరో... ఒక్క నిమిషం అన్నా.’

ఆ ఒక్క నిమిషంలో ఏ పాపమూ ఎరుగని పదో సర్వరు రీస్టార్ట్ అయిపోతుంది. నంబర్ల పద్ధతి ప్రవేశపెట్టిన పెద్దమనిషి ఫోను ఆ సమయానికి సైలెంట్‌లో ఉంటుంది.

నా ప్రతిపాదన పంచాంగం. ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై పేర్లు సిద్ధంగా ఉన్నాయి, ఏ ఏడాది కొన్న ర్యాకుకు ఆ ఏడాది పేరు. వారంటీ తీరిందో లేదో సిద్ధాంతిగారే చెప్పేస్తారు. 2018 ఉగాది తర్వాత కొన్నది విళంబి కాబట్టి, నెమ్మదిగా ఉందని ఫిర్యాదు చేసే హక్కు ఎవరికీ ఉండదు. ఇబ్బందల్లా ఒక్కటే. 2026 ఉగాదితో మొదలయ్యేది పరాభవ. ‘పరాభవ కొనుగోలు’ అని ఉన్న ఫైలు మీద ఏ ఫైనాన్స్ హెడ్ సంతకం పెడతాడు?

ప్రభుత్వం ఈ విషయంలో మనకంటే నయం. 1991లో పుణెలోని ప్రభుత్వ సంస్థ సీడాక్ పరమ్ 8000 సూపర్‌కంప్యూటర్ తయారుచేసిన దగ్గర్నుంచి పరమ్ అన్నది ఇంటిపేరైంది: పరమ్ శివాయ్, పరమ్ శక్తి, పరమ్ బ్రహ్మ. వాతావరణ సూపర్‌కంప్యూటర్లవి మాత్రం సూర్య వంశం. 2018లో ప్రత్యూష్, మిహిర్; 2024లో అర్క, అరుణిక. వాన ఎప్పుడు పడుతుందో చెప్పాల్సిన యంత్రాలకు సూర్యుడి పేర్లు పెట్టడంలో ముందుచూపుంది. వర్ష అని పెట్టి, ఎండ మండిపోయిన రోజున పార్లమెంటులో జవాబు చెప్పుకోవడం ఎందుకు?

ఇంట్లో కమిటీలు ఉండవు, హైకమాండ్ ఉంటుంది. పాత ల్యాప్‌టాప్‌కి లైనక్స్ ఎక్కించి మంచం కింద పెట్టుకున్న మిత్రుడొకడు దానికి కుంభకర్ణ అని పేరు పెట్టాడు. ఇంతకంటే శాస్త్రీయమైన పేరు నేను చూడలేదు. నిద్రపోతున్న కంప్యూటరును నెట్‌వర్క్ మీంచి లేపే వేక్ ఆన్ ల్యాన్ అనే పద్ధతిలో, ముందు ఆరు బైట్ల శంఖారావం, ఆపైన దాని నెట్‌వర్క్ గుర్తింపు సంఖ్య అయిన మ్యాక్ అడ్రసు వరసగా పదహారుసార్లు పంపాలి. లంకలో రాక్షసులు పడ్డ అవస్థే ఇది, ఏనుగులు తక్కువ. వాళ్లావిడకు ఈ పాండిత్యం పట్టదు. ‘ఏమండీ, మీ డబ్బా మళ్లీ మొరాయించింది, పిల్లాడి కార్టూన్ ఆగిపోయింది’ అంటుంది. పేరు చూసి యంత్రం చిరునామా చెప్పే డీఎన్ఎస్‌లో ఏం రాసుకున్నా, ఆ ఇంట్లో రిజాల్వ్ అయ్యేది డబ్బా అన్న పేరే.

సర్వర్లను అద్దెకిచ్చే క్లౌడ్ వచ్చాక ఈ గొడవ తీరిందంటారు. ప్రోగ్రాములను కంటైనర్లనే పెట్టెల్లో పెట్టి నడిపే డాకర్, వాటికి తనే పేరు పెట్టేస్తుంది: ఒక విశేషణం, పక్కన ఒక శాస్త్రవేత్త. జాబితాలో రామన్, రామానుజన్, కలాం ఉన్నారు గనక ప్రస్తుతం మీ లాగిన్ పేజీని ఏ నిద్రమత్తు రామనో నడుపుతూ ఉండవచ్చు. ‘బోరింగ్ వోజ్నియాక్’ అన్న పేరు మాత్రం రాకుండా కోడ్‌లోనే అడ్డం వేశారు, యాపిల్ వ్యవస్థాపకుల్లో ఒకరైన ఆయన బోరింగ్ మనిషి కాదని పక్కన కామెంటు కూడా రాసి. రామన్ తరఫున అడిగే నాథుడు లేకపోయాడు.

అమెజాన్‌వాళ్లు 2022 నవంబరులో హైదరాబాద్‌లో క్లౌడ్ రీజియన్, అంటే సర్వర్ల కేంద్రాల సముదాయం, తెరిచి, దానికి ఏపీ-సౌత్-2 అని పేరు పెట్టారు. ఏపీ అంటే ఆసియా పసిఫిక్ అట. రాష్ట్రం విడిపోయిన ఎనిమిదేళ్లకు హైదరాబాదును ఏపీ అని రాసి, ఒక్క ధర్నా కూడా జరక్కుండా బయటపడింది వాళ్లే అయ్యుంటారు. 2024 జూన్ 2తో ఉమ్మడి రాజధాని గడువూ తీరింది, కన్సోల్‌లో ఏపీ ఏపీగానే ఉంది. ఆ సర్వర్లు విభజన చట్టం తొమ్మిదో షెడ్యూలులోకి వస్తాయా, పదో షెడ్యూలులోకా అన్న ప్రశ్నను రెండు ప్రభుత్వాలూ ఇంతవరకు ఎత్తుకున్నట్టు లేదు.