అండాశయానికి గ్రోత్ ఫ్యాక్టర్ల ఇంజెక్షన్: ఆశ సరే, ఆధారమేదీ?

అండాశయంలోకి పీఆర్‌పీ (ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉండే ప్లాస్మా) ఎక్కిస్తే తగ్గిపోయిన అండాలు మళ్లీ పెరుగుతాయన్న ప్రచారం ఇప్పుడు గోదావరి డెల్టా పట్టణాల దాకా వచ్చింది. సొంత రక్తం నుంచి ప్లేట్‌లెట్లను వేరుచేసి, వాటిలోని గ్రోత్ ఫ్యాక్టర్లను (కణాల ఎదుగుదలను నడిపించే కారకాలను) అండాశయానికి అందిస్తామంటే, పిల్లల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న దంపతులకు అది సహజంగానే నమ్మబుద్ధి అవుతుంది. ఫాలికిల్ (అండాన్ని పొదువుకుని ఉండే చిన్న సంచి) ఎదుగుదలకు గ్రోత్ ఫ్యాక్టర్లు కావాలన్న మాట అక్షరాలా నిజం. కానీ అవి పనిచేసే తీరు తెలిస్తే, ఈ చికిత్సను ఇంత ధీమాగా అమ్మడం ఎంత తొందరపాటో కూడా అర్థమవుతుంది.

ఆడపిల్ల పుట్టేనాటికి అండాశయాల్లో 10 నుంచి 20 లక్షల అండాలుంటే, జీవితకాలంలో విడుదలయ్యేవి సుమారు 400 మాత్రమే. ఏ ఫాలికిల్ నిద్ర లేవాలి, ఏది ఆగిపోవాలి అన్నది మెదడు కింది పిట్యూటరీ గ్రంథి ఒక్కటే తేల్చదు. అండం తానే జీడీఎఫ్-9, బీఎంపీ-15 అనే కారకాలను స్రవిస్తూ తన చుట్టూ ఉన్న గ్రాన్యులోసా కణాల పెరుగుదలను నడిపిస్తుంది. బయటి పొరలోని థీకా కణాలు పిట్యూటరీ పంపే ఎల్‌హెచ్ అనే హార్మోన్ ప్రభావంతో ఆండ్రోజన్లను (పురుష హార్మోన్లను) తయారుచేస్తే, గ్రాన్యులోసా కణాలు అదే గ్రంథి పంపే ఎఫ్‌ఎస్‌హెచ్ ప్రభావంతో వాటిని ఈస్ట్రోజన్‌గా మారుస్తాయి. ఇన్సులిన్‌ను పోలిన గ్రోత్ ఫ్యాక్టర్లు ఈ రెండు పనులకూ ఊపునిస్తుండగా, చిన్న ఫాలికిల్స్ నుంచి వచ్చే ఏఎంహెచ్ అనే హార్మోన్ పగ్గం వేసి, ఒకేసారి మరీ ఎక్కువ ఫాలికిల్స్ కదలకుండా చూస్తుంది. అండం విడుదలకు ముందు ఎల్‌హెచ్ ఒక్కసారిగా పెరిగినప్పుడు గ్రాన్యులోసా కణాల్లో యాంఫిరెగ్యులిన్ వంటి కారకాలు పుట్టి, అండానికి చివరి పక్వతను తెస్తాయి. అండం వెళ్లిపోయాక ఆ ఫాలికిల్ చుట్టూ వీఈజీఎఫ్ అనే మరో కారకం రక్తనాళాలను అల్లితేనే, గర్భం నిలవడానికి కావాల్సిన ప్రొజెస్టరాన్ హార్మోన్ తగినంతగా తయారవుతుంది.

ఇందులో ప్రతి కారకానికీ ఒక చోటు, ఒక సమయం, ఒక మోతాదు ఉన్నాయి. న్యూజిలాండ్‌లోని ఇన్వర్‌డేల్ గొర్రెలు దీనికి గట్టి రుజువు. వాటిలో బీఎంపీ-15 జన్యువు ఒక ప్రతి దెబ్బతింటే ఈతకు పుట్టే పిల్లల సంఖ్య పెరుగుతుంది. రెండు ప్రతులూ దెబ్బతింటే ఫాలికిల్స్ తొలిదశలోనే ఆగిపోయి ఆ గొర్రె గొడ్డుబోతుంది. ఒకే కారకం కొంత తగ్గితే ఫలం, పూర్తిగా పోతే శూన్యం. యూరియా కుమ్మరిస్తే చేను ఏపుగా పెరిగి, దోమపోటు తగిలి, గింజ పట్టకముందే పడిపోవడం చూసిన డెల్టా రైతుకు మోతాదు విలువ ఒకరు చెప్పక్కర్లేదు.

ప్లేట్‌లెట్లలో ఉన్నది పదుల రకాల కారకాల మిశ్రమం. దాన్ని సూదితో అండాశయంలోకి ఎక్కిస్తే ఏ కణానికి ఎంత చేరుతుందో, ఎంతసేపు నిలుస్తుందో చెప్పగల కొలమానం లేదు. చికిత్స తర్వాత గర్భం వచ్చినవారి గురించి చెబుతారు గానీ, చికిత్స లేకుండానే అలాంటివారిలో ఎందరికి గర్భం వచ్చేదో పోల్చకుండా ఆ మాటకు బలం లేదు. ఐరోపా సంతాన సాఫల్య వైద్యుల సంఘం ఈఎస్‌హెచ్‌ఆర్‌ఈ 2023లో దీన్ని సిఫార్సు చేయడం లేదని తేల్చిచెప్పింది.

ఈ చికిత్స వైపు నెట్టేది చాలాసార్లు ఏఎంహెచ్ రిపోర్టే. ఆ సంఖ్య అండాల నిల్వకు సూచిక. ఐవీఎఫ్‌లో మందులకు ఎన్ని అండాలు రావచ్చో అంచనాకు పనికొస్తుంది. అండం నాణ్యతను మాత్రం అది చెప్పదు. సంతాన సమస్య లేని 30 నుంచి 44 ఏళ్ల మహిళలపై అమెరికాలో జరిగి 2017లో వెలువడిన అధ్యయనంలో, ఏఎంహెచ్ తక్కువగా ఉన్నవారికి సహజంగా గర్భం వచ్చే అవకాశం తగ్గినట్టు కనిపించలేదు. కోనసీమ పల్లెల్లో భర్త గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చి, నెలో రెండు నెలలో ఉండి తిరిగి వెళ్లే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పెళ్లయి నాలుగేళ్లయిందంటారు గానీ కలిసి ఉన్న నెలలు లెక్కిస్తే ఏడాది కూడా నిండదు. అలాంటి చోట ముందు అడగాల్సింది ఆ నెలల లెక్క, చేయించాల్సింది భర్త వీర్య పరీక్ష. అవి రెండూ వదిలేసి కోడలి ఏఎంహెచ్ కాగితాన్ని ఇంటిల్లిపాదీ తీర్పులా చదవడం అన్యాయం.

అండాశయాల్లో ఎదగని చిన్న ఫాలికిల్స్ పేరుకుపోయే పీసీఓడీ సంగతి వేరు. అక్కడ ఏఎంహెచ్ తరచు ఎక్కువే ఉంటుంది. రక్తంలో పెరిగిన ఇన్సులిన్ ఎల్‌హెచ్‌తో కలిసి థీకా కణాల చేత ఆండ్రోజన్లను అతిగా చేయిస్తుంది, ఫాలికిల్స్ మధ్యలోనే నిలిచిపోతాయి. అధిక బరువున్నవారు తమ శరీర బరువులో 5 నుంచి 10 శాతం తగ్గించినా చాలామందిలో అండం విడుదల మళ్లీ మొదలవుతుంది. అవసరమైతే అండం విడుదలకు తోడ్పడే లెట్రోజోల్ మాత్ర ఉంది. ఇది ఆధారమున్న దారి, ఖర్చూ తక్కువే.

చికిత్సల లాభనష్టాలు, ఖర్చు, దుష్ప్రభావాలు, విజయావకాశాలు దంపతులకు ముందే వివరించాలని 2021 నాటి సహాయక పునరుత్పత్తి చట్టం క్లినిక్‌లను ఆదేశిస్తోంది. పీఆర్‌పీ ఎక్కించే ముందు సంతకం పెట్టించుకునే కాగితం తెలుగులో ఉండాలి. ఇది ఇంకా ప్రయోగదశలోనే ఉందన్న వాక్యం అందులో మొదటి వరసలోనే కనబడాలి. జిల్లా వైద్యాధికారులు తనిఖీకి వెళ్లినప్పుడు ఆ కాగితాన్ని అడిగి చూడాలి.