సాసేజ్‌లో పప్పు పిండి కలిస్తే కల్తీయేనా?

"సాసేజ్‌లో పప్పు పిండి కలిపారంటే కల్తీయే. ప్రొటీన్ పోతుంది, నోట్లో పిండిముద్ద మిగులుతుంది, పైగా ఒంటికి చేటు." చేతులు మారి మారి ఈ మాట నా ఫోన్‌కూ చేరింది. ఇందులో నిజం ఎంతో చూద్దాం.

ముందు ప్రొటీన్. కొవ్వు తక్కువున్న పచ్చి మాంసంలో 100 గ్రాములకు సుమారు 20 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. శనగపిండిలోనూ ఇంచుమించు అంతే. 5 గ్రాముల మాంసం తీసి 5 గ్రాముల శనగపిండి వేస్తే లెక్క ఎక్కడిదక్కడే. అదే 15 గ్రాముల మాంసం తీసి, 5 గ్రాముల పిండి వేసి, మిగతా 10 గ్రాములకు నీళ్లు పోశారనుకోండి. పోయింది 3 గ్రాములు, వచ్చింది ఒక్క గ్రాము. ప్రొటీన్‌ను ఎత్తుకెళ్లింది నీళ్లు, నింద పడింది పిండి మీద! పప్పుల్లో తక్కువగా ఉండే మెథియోనిన్‌ను (ప్రొటీన్‌లో ఉండే ఒక అమైనో ఆమ్లం) మిగిలిన మాంసం పూడుస్తుంది. విటమిన్ బి12 మాత్రం పప్పుల్లో ఉండదు కాబట్టి, తీసిన మాంసం మేరకు తగ్గుతుంది. అది ఒప్పుకోవాల్సిందే.

పిండిముద్ద సంగతికొస్తే, అది వేసే మోతాదును బట్టి ఉంటుంది. ఉప్పు తగిలి మాంసంలోంచి ఊరే ప్రొటీన్ వలలా అల్లుకుని కొవ్వునూ నీటినీ పట్టి ఉంచుతుంది. వేడికి ఆ వల ముడుచుకుని రసం కారిపోతుంది. పప్పు పిండిలోని గంజి పదార్థం (స్టార్చ్) ఉబ్బి ఆ రసాన్ని ఆపుతుంది, సాసేజ్ తక్కువ కుంచించుకుపోతుంది. పిండి శ్రుతిమించితే వల చాలదు, కొరికితే పొడిపొడిగా రాలుతుంది. పచ్చివాసనా? పిండిని ముందే వేడిచేస్తే చాలావరకు అణుగుతుంది.

ఒంటికి చేటన్న మాటకు ఆధారం లేదు, ఒక్క చోట తప్ప. పచ్చి రాజ్మాలోని లెక్టిన్ అనే ప్రొటీన్ వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది. సాసేజ్ లోపలికి చేరే 70 డిగ్రీల వేడికి అది చావదు. గింజల్ని నానబెట్టి, బాగా మరిగించాకే పిండి చేయాలి. నిజంగా హెచ్చరించాల్సిన ఈ విషయం ఆ మెసేజ్‌లో లేనే లేదు. అలాగని పప్పు కలిసింది కదా, ఇక ఆరోగ్యకరమే అనేవాళ్లనూ నమ్మను. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. చారెడు పిండితో ఉప్పూ, మాంసం నిలవుండేందుకు వేసే నైట్రైటూ మాయమైపోవు.

ఇక కల్తీ. దాచి కలిపితే కల్తీ, చెప్పి కలిపితే వంటకం. "అచ్చంగా మాంసమే" అని రాసి పిండి కలిపితే నేనూ కల్తీ అనే అంటాను. సోయా పిండి, లూపిన్ అనే పప్పుజాతి గింజల పిండి పడనివాళ్లు (అలర్జీ ఉన్నవాళ్లు) ఉంటారు, వాళ్లకు ఆ పేరు కనబడి తీరాలి. లేబుల్ మీద దినుసుల్ని బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు. పిండి ఉందా అని వెతికేముందు, నీళ్లు ఎన్నో స్థానంలో ఉన్నాయో చూడండి.